గోడ మీద గంటలు

వీధిలో అతణ్ణి అందరూ 'సెకన్ల ముల్లు' అనేవాళ్లు. ఒక్కచోట కుదురుగా నిలబడడు, నిలబడినా కాలు ఆడుతూనే ఉంటుంది. గడియారాలు బాగుచేయడం వృత్తి. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం, ఆ వెనక చిన్న పెరడు. ఎటు చూసినా టిక్కుటిక్కులే. పెళ్లయిన కొత్తలో ఆ చప్పుడుకి అతని భార్యకు నిద్రపట్టేది కాదు. కొన్నేళ్లకు అది లేకపోతే నిద్రపట్టేది కాదు.

అలాంటి ఆమెకు నరాల జబ్బు చేసింది. ముందు కాళ్లు పడిపోయాయి. తర్వాత మెడ తిప్పడం కష్టమైంది. ఆపైన చప్పుడంటేనే ప్రాణం మీదికి వచ్చేది. చెంచా గిన్నెకు తగిలినా కళ్లు గట్టిగా మూసుకునేది. అతను గడియారాలన్నీ ఆపేసి, పనిబల్ల పక్కింటి టైలరు వరండాలోకి మార్చుకున్నాడు.

చప్పుడు పోయింది. దాంతోపాటు ఆమెకు పొద్దు కూడా తెలియకుండా పోయింది.

"ఎంతయిందండీ? చెల్లి వచ్చే వేళయిందా?" అని మాటిమాటికీ అడిగేది.

చెల్లెలు బడిలో లెక్కల టీచరు. బడి వదలగానే నేరుగా వచ్చి, అక్కకు జడ వేసి, అన్నం తినిపించి వెళ్లేది. ఆ రాక కోసమే ఆమె రోజంతా కాచుకుని ఉండేది.

మంచం పక్క కిటికీలోంచి పెరటి గోడ కనిపిస్తుంది. చలికాలం కావడంతో రోజంతా దాని మీద ఎండే. సుత్తి చప్పుడు ఆమె తట్టుకోలేదని, అతను చేతి బరమాతో మెల్లగా గోడ తొలిచి పొడుగాటి ఊచ ఒకటి తిన్నగా బిగించాడు. చేతిగడియారం చూసుకుంటూ, గంటగంటకీ నీడ పడ్డచోట బొగ్గుతో గీత గీశాడు.

నీడ ఎడమ నుంచి కిందికి దిగి కుడికి పోతోంది.

"ఇది వెనక్కి తిరుగుతోందేమిటండీ?" అంది ఆమె. మళ్లీ తనే, "పోనీలెండి, నాకు వయసు తగ్గుతుంది" అంది.

కొన్ని వారాలకే నీడ గీతలు తప్పింది. అతను ఊచను అటూ ఇటూ పరీక్షించి తల పట్టుకుంటే మరదలు నవ్వింది.

"బావా, అది గోడలోంచి తిన్నగా పొడుచుకురావడమే తప్పు. అలా ఉంటే నీడ పడే దిక్కు రోజురోజుకీ జరిగిపోతుంది. భూమి తిరిగే ఇరుసు ఉంటుంది చూడు, ఊచ దానికి సమాంతరంగా వాలి ఉండాలి. ధ్రువనక్షత్రం నుంచి వచ్చి గోడ దూరి బయటపడ్డట్టు."

ఆమె బడిలోని అట్లాసులో ఊరి అక్షాంశం చూసింది. అన్ని డిగ్రీలు ఊచ కిందికి వాలాలంది. సూర్యుడు గంటకు పదిహేను డిగ్రీలు జరిగినా గోడ మీద ఆ ఎడం సమానంగా పడదని, ఒక్కో గీతకూ విడిగా లెక్క కట్టి ఇచ్చింది. అతను ఊచను అలా వాల్చి బిగించి, గీతలు నల్లరంగుతో గీశాడు. ఈసారి నీడ గీతల మీదే నడిచింది. అయినా గడియారంతో పోలిస్తే కొన్ని నిమిషాలు తేడా.

"సూర్యుడి చుట్టూ భూమి తిరిగే దారి సరైన గుండ్రం కాదు, ఇరుసూ వాలి ఉంది. అందుకే ఆ తేడా" అంది మరదలు. "ఒకప్పుడు మీ వృత్తివాళ్లంతా ఇలాంటి నీడను బట్టే గడియారాలు సరిచేసుకునేవాళ్లు బావా."

"ఇన్నాళ్లకు మీకూ ఒక పైఅధికారి దొరికాడు" అని భార్య నవ్వింది. జబ్బు పడ్డాక అతను విన్న ఆమె మొదటి నవ్వు అది.

ఎండలు ముదిరేకొద్దీ పొద్దుటి గీతలకూ సాయంత్రం గీతలకూ నీడ రావడం మానేసింది. మిట్టమధ్యాహ్నం మాత్రం సన్నగా, బాగా కిందిదాకా సాగి పడేది. ఒకరోజు అదీ లేదు.

"ఇవాళ మబ్బాండీ?"

"మబ్బే."

"మబ్బయితే ఈ మంటేమిటి?"

అతను పెరట్లోకి వెళ్లి గోడ చూసి వచ్చాడు. సాయంత్రం గుమ్మంలోనే మరదల్ని ఆపి అడిగాడు. ఆమె చెప్పుల వంక చూస్తూ చెప్పింది.

"ఈ రోజుల్లో సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి పోతాడు బావా. ఎండంతా గోడకి అవతలివైపే. వానల తర్వాత గానీ ఇటు రాదు."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు." ఆమె సంచి ఇంకో చేతికి మార్చుకుంది. "ఎండాకాలం చూడదన్నాడుగా డాక్టరు. నీడ పోయేలోపే అక్క... అనుకున్నాను."

అతను లోపలికి వెళ్లాడు. వెనక గది తలుపు తెరిచే ఉంది. భార్య అంతా విన్నదని ముఖం చూడగానే తెలిసింది.

"దాన్నేమీ అనకండి" అంది. "మీరూ ఇంక ఆ గోడ వెంట పడకండి. నా దగ్గర కూర్చోండి, ఎంతయిందో మీరే చెబుదురు గాని."

ఎక్కడా కుదురుగా నిలవని మనిషి ఆ వేసవంతా పీట మీద కూర్చున్నాడు. చేతిగడియారం గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని, అడిగినప్పుడల్లా చూసి చెప్పేవాడు. మరదలు ఆలస్యమైన రోజున మాత్రం ఇంకా వేళ కాలేదని అబద్ధమాడేవాడు.

వానలు మొదలవుతుండగా ఒక సాయంత్రం, చెల్లెలు జడ వేస్తుండగానే ఆమె పోయింది. జడ సగమే అయింది. చెల్లెలు చేయి ఆపకుండా మిగతా సగం కూడా అల్లింది.

ఆ తర్వాత మరదలు ఆ ఇంటికి రావడం మానేసింది. కొంతకాలం చూసి అతనే బడి దగ్గరికి వెళ్లాడు.

"రావడం లేదేమ్మా?"

"ఏ ముఖం పెట్టుకుని రాను బావా? బడి వదిలితే కాళ్లు ఆ వీధివైపే పోతాయి. మళ్లించుకుంటున్నాను."

"కోపం వచ్చిన మాట నిజం. కానీ నువ్వు ముందే చెప్పి ఉంటే నేను ఊచ పెట్టేవాణ్ణే కాదు. మీ అక్కకు ఆ చలికాలం కూడా ఉండేది కాదు."

ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. ఓదార్చడం అతనికి చేతకాదు. ఆమె చేతిలోని సంచి తీసుకుని ముందు నడిచాడు. కొంచెం ఎడంగా ఆమె వచ్చింది. ఆ సాయంత్రం ఇద్దరూ ముందు గదిలోనే కూర్చున్నారు. వెనక గది తలుపు తియ్యడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.