మ్యూజియంలో అమ్మానాన్నలు

నాగర్‌కర్నూల్‌లో కొత్తగా చిన్న మ్యూజియం పెడుతున్నామని, పాత ఫొటోలుంటే ఇమ్మని అడిగితే మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాత ఫొటో ఇచ్చాను. నేను పుట్టకముందు మా అమ్మానాన్నలు ఉప్పునుంతల నుంచి కాలువ తవ్వకానికి ఊరుగాని ఊరు వలసపోయారు. అక్కడి ఇంజినీరు ఒకాయన తీసిచ్చిన ఫొటో అది. అమ్మ నెత్తిన మట్టితట్ట, ఒంటిమీద అతుకులేసిన చీర. పక్కన నాన్న గడ్డపార పట్టుకుని కెమెరా వైపు కోపంగా చూస్తుంటాడు.

మ్యూజియం తెరిచాక అమ్మను వెంటబెట్టుకుని బస్సులో వెళ్లాను. ఫొటోను గోడంత పెద్దది చేశారు. చేస్తే చేశారు, రంగులు కూడా వేశారు. అతుకుల చీర కాస్తా ఎర్రంచు పచ్చచీర అయింది. పోయిన మనిషని కూడా చూడకుండా నాన్న పెదవులు పైకి లాగి నవ్వించారు. కింద పెద్ద అక్షరాలతో ‘పాలమూరు పల్లెల్లో ఆనందమయ వ్యవసాయ జీవనం’ అని రాశారు. ముందర ఒక ఖాళీ తట్ట. దాన్ని నెత్తిన పెట్టుకుని సెల్ఫీ దిగడానికి కాలేజీ పిల్లలు వరుస కట్టారు.

నాకు ఒళ్లు మండింది. అక్కడి అధికారిని పట్టుకున్నాను.

“ఇది ఎవుసం గాదు సార్, కాలువ పని. మా అమ్మానాయిన వలసపోయిన్నాటి ఫొటో.”

“అట్లనా మేడం? జనం చూడాల్నంటే జర రంగులుండాలె గద. వలస, ఆకలి అని రాస్తే పిల్లలు పరేషానైతరు.”

“మా నాయిన నవ్వలే సార్ అండ్ల!”

“డిజైన్ హైదరాబాద్‌ల చేసిండ్రు. మాకేం తెల్వదు.”

అమ్మయినా ఒక మాట అంటుందేమోనని చూశాను. ఆమె ఫొటో దగ్గరికి పోయి గోడమీది చీర అంచును తడుముతోంది.

“మంచిగుంది బిడ్డా. గసొంటి చీర నా వయసుల ఎన్నడు కట్టలే. ఉండనీ.”

“అబద్ధం గదమ్మా అది!”

“నాకు తెల్వదా ఏంది? ఆ తట్ట మోసి మోసి నడినెత్తి మీద ఎంటికలు పోయినయ్. గిప్పుడన్న జర మంచిగ కనపడనీ.” నాన్న ముఖం వైపు చూసి అంది: “మీ నాయినను మాత్రం గట్ల పెట్టొద్దని చెప్పు. మనిషే మారిపోయిండు.”

అధికారి ఆమె అన్న మొదటి మాటే విన్నాడు. “చూసిండ్రా, అమ్మకు నచ్చింది!” అన్నాడు. ఎవరి మీద అరవాలో నాకు తెలియలేదు.

దరఖాస్తు పెట్టాను. ఫోన్లు చేశాను. పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి తిరిగాను. చివరికి ఒకరోజు, “మార్చినం మేడం, వచ్చి చూడుండ్రి” అని కబురొచ్చింది. వెళ్లాను. నాన్న అలాగే నవ్వుతున్నాడు. కింద రాత మాత్రం మారింది: ‘వలస వెళ్లి కాలువలు తవ్విన పాలమూరు కూలీల ఆనందమయ జీవనం’.

“మీరన్నదే రాసినం గద, ఇంకేంది?” అన్నాడు ఆయన, నిజంగానే విసుగ్గా.

‘ఆనందమయ’ అన్న ఆ ఒక్క మాట తీసేయమన్నాను. మీటింగులున్నాయట, పై వారం రమ్మన్నాడు. పోతాను.