పిన్ని మెడలో అమ్మ

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. చిన్నప్పుడు నేను మా పిన్ని మెడలోని వెండి బిళ్లతో మాట్లాడేదాన్ని.

మొన్న కోకాపేటలో మా ఆఫీసు కింది అంతస్తులో నగల స్టాలు పెట్టినప్పుడు అదంతా మళ్లీ కదిలింది. నల్లదారానికి వరుసగా గుచ్చిన వెండి బిళ్లలు, ఒక్కోదాని మీద ఒక ఆడమనిషి బొమ్మ. మా టీమ్‌లోని భీమవరం అక్క ఆ దండను మెడకు ఆనించుకుని, "ఎంత ముద్దుగా ఉందో! ఇది ఏ అమ్మవారండీ?" అని అడిగింది.

"ఏ అమ్మవారనుకుంటే ఆ అమ్మవారే మేడం. పాత డిజైను, ఇప్పుడు మస్తు నడుస్తుంది" అన్నాడు అమ్మేవాడు.

వాళ్లు అమ్మవార్లు కారు, చచ్చిపోయిన భార్యలు. "నువ్వూ ఒకటి తీసుకోవే, ఎప్పుడు చూసినా బోసి మెడే" అంది అక్క.

నేను మూడో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. ఏడాది తిరగకుండానే నాన్న పిన్నిని చేసుకున్నాడు. పోయినామె కోపం కొత్త పెళ్లికూతురికి తగలకూడదని, మా వైపు ఆచారం ప్రకారం, అమ్మ పేరున ఇలాంటి వెండి బిళ్ల ఒకటి చేయించి పిన్ని పుస్తెల పక్కన గుచ్చింది నానమ్మ. పండగనాడు పిన్ని ముందు ఆ బిళ్లకు బొట్టు పెట్టి, ఆ తర్వాతే తను పెట్టుకునేది. కొత్త చీరైనా ముందు దానికి తాకించాల్సిందే. చందానగర్‌లోని మా రెండు గదుల ఇంట్లో ఆమె నాకు జడ వేయడానికి వంగినప్పుడల్లా అది చల్లగా నా మెడకు తగిలేది. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే పక్కన చేరి, బడిలో జరిగినవన్నీ దానికి గుసగుసగా చెప్పుకునేదాన్ని.

నిరుడు నాన్న పోయాడు. పదో రోజున పిన్ని పుస్తెలు తీశారు. నాకు ఇంకేమీ వద్దు, ఆ బిళ్ల ఒక్కటి ఇస్తే చాలని ఎలాగో ధైర్యం కూడగట్టుకుని పిన్నిని అడిగేసరికి, దాన్ని పాత పట్టీలతో కలిపి బజారులో వెండి దుకాణంలో అమ్మేసిందని తెలిసింది.

స్టాలులో అందరూ వెళ్లాక ఒక్కో బిళ్లనూ తిప్పి చూశాను. అన్నీ ఒకే అచ్చులో కొట్టిన ముఖాలు. అమ్మ వాటిలో ఉన్నా గుర్తుపట్టలేను. ఒకప్పుడు భయంతో, భక్తితో మోసిన చావు ఇప్పుడు కుర్తా మీదికి నప్పుతోంది. ఎవరి భార్యలో తెలియని ఆడవాళ్లు ఎవరెవరి మెడల్లోనో లిఫ్టులు ఎక్కి దిగుతున్నారు, బొట్టు పెట్టేవాళ్లు లేకుండా.

మా అమ్మను తూకానికి వేశావా అని ఆ రోజు పిన్నిని అడిగాను. మర్నాడే ఖాజాగూడ హాస్టల్‌కు వచ్చేశాను. అప్పటినుంచి ఆమె నా ఫోను ఎత్తదు. ఆ రోజు నా మాటకు పొయ్యి దగ్గర కూర్చుని, ఇటు తిరగకుండానే ఆమె అన్నది ఇంతే:

"ఇన్నేండ్లు మీ అమ్మను మెడల ఏసుకొని తిరిగిన. రేపు నేను సస్తే నన్నెవరు ఏసుకుంటరే?"