రక్తంలో వాపు

నా రక్తం ఏం చెప్పిందో నాకంటే ముందు ఇంకొకరికి తెలిసింది. విజయవాడ ఆసుపత్రిలో సూది గుచ్చించుకున్నది నేను. డాక్టరమ్మ పక్కకు పిలిచింది మాత్రం మా అమ్మాయిని.

నా చిన్నప్పుడూ ఇదే తంతు. మా నాన్న దగ్గు సంగతి డాక్టరు, నేత పని ఇచ్చే షావుకారుకి చెప్పాడు గాని, మా నాన్నకి చెప్పలేదు. మర్నాడు ఆయన మగ్గం మీద ఇంకో మనిషి కూర్చున్నాడు. నేను మరిచిపోలేదు.

నావీ నేతగాడి ఊపిరితిత్తులే. సగం నూలు దుమ్ము, సగం చుట్టలు పాడుచేశాయి. చదువు ఐదుతో ఆగినా పొట్లం కట్టిన కాగితం కూడా వదలకుండా చదివేవాణ్ణి. ఆసుపత్రి గోడ మీద ఊపిరి వ్యాయామాల క్లాసు గురించి చదివి, నా పేరు రాయమని అడిగింది నేనే. రక్తపరీక్ష చూశాక "ఇప్పుడొద్దులెండి" అన్నారు.

కంకిపాడు బస్సులో మా అమ్మాయిని నిలదీశాను.

"రక్తంలో వాపు చూపించే అంకె ఎక్కువుందట నాన్నా. అలాంటివాళ్ళకి ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరాల్సి రావడం ఎక్కువట. ఇంటిపట్టునే ఉండాలి నువ్వు."

ఇంటికి రాగానే మా ఆవిడ నా పాదాలు నొక్కి చూసింది. "ఎక్కడండీ వాపు? ఎండుపుల్లల్లా ఉంటేను!"

నవ్వాను. నవ్వితే దగ్గు, దగ్గితే దవడ పన్ను సలుపు. అప్పుడు తట్టింది. రక్తం ఇచ్చిన వారమంతా చిగురు వాచి చీము పట్టి ఉంది. సూది గుచ్చేటప్పుడు ఒక్కరడిగితేనా!

పన్ను పీకించుకుని, పుండు మానాక మళ్ళీ వెళ్ళాను. అమ్మాయిని బయట కూర్చోబెట్టాను.

"చిగురు వాచినా ఈ అంకె పెరుగుతుందా అండీ?"

"పెరుగుతుందండీ. నేను అడగాల్సింది," అని డాక్టరమ్మ మళ్ళీ రక్తం తీయించింది.

అంకె తగ్గింది గాని, ఉండాల్సినంతకి దిగలేదు. "మిగిలింది ఊపిరితిత్తులదే కావచ్చు తాతగారూ. జాగ్రత్తగా ఉండాలి," అంది.

"ఉంటాను. ఇది నాలాంటివాళ్ళందరి గురించీ చెప్పే మాట. వాళ్ళలో నా గతేమిటో చెబుతుందా?"

"కచ్చితంగా చెప్పదండీ."

"అయితే క్లాసులో నా పేరు రాయండి. ఆయాసమొస్తే చూడ్డానికి ఇక్కడ మీరున్నారు. ఇంట్లో డాక్టరెవరున్నారు?"

డాక్టరమ్మ తలుపు వైపు చూసింది.

"మా అమ్మాయిని పిలవకండి. అడుగుతున్నది నేను."

రాసింది.

మొదటిరోజు క్లాసులో వరండా పొడవునా నడవమంటే సగంలోనే కూలబడ్డాను. వ్యాయామం చేయించే అమ్మాయి పరుగున వచ్చి, "ఇవాళ్టికి ఆపేద్దామా తాతగారూ?" అంది.

"ఊపిరి అందనీ తల్లీ," అన్నాను, "మిగతా సగం ఉందిగా."