చెవితో ఎగరేసిన విమానం

మా మామగారు పోయారు. పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చిన మనిషి ఇక లేవలేదు. ఫోన్లు చేసి చెబితే కావలిలో సగం మంది ఒకటే అడిగారు, "ఎవరమ్మా, విమానం సారేనా?"

ఆ సారే. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక ఇంజను లేని బొమ్మ విమానాల పిచ్చి పట్టుకుంది ఆయనకి. రబ్బరు తాడుతో లాగి వదిలితే లేచి, వేడిగాలి దొరికితే గద్దలా పైపైకి తిరుగుతుంది. దాని కడుపులో చిన్న పరికరం బిగించారు. విమానం పైకి పోతుంటే చేతిలోని రిమోట్ కీచుకీచుమంటుంది, దిగుతుంటే మూలుగుతుంది. ఎక్కడెక్కడ తిరిగిందో ఫోన్లో మ్యాపు మీద గీతగా కనిపిస్తుంది.

ఆ పరికరం ఆన్ చేసిన చోటునే సున్నా ఎత్తు అనుకుంటుంది. మొదట్లో ఆయన మా మిద్దె మీదే ఆన్ చేసి సముద్రం ఒడ్డుకి తెచ్చేశారు. చూస్తే ఎత్తు మైనస్!

"మామయ్యా, మన విమానం సముద్రం అడుగున ఎగరతా ఉండాది!" అన్నాను. పడీపడీ నవ్వారు. అప్పట్నుంచి ఇసుక మీద పెట్టాకే ఆన్ చేసేవారు. "ముందు సున్నా సరిగ్గా ఉండాలమ్మాయ్. ఆకాశం తర్వాత." నేను మా ఆయన మీద అరుస్తున్నా అదే మాట, "ముందు సున్నా చేసుకోమ్మా." నాకు ఒళ్ళు మండేది.

తర్వాత నీటికాసుల జబ్బుతో ఆయన చూపు పోతూ వచ్చింది. ఇక మెరుగవదన్నారు డాక్టరు. ఆ రోజు రిమోట్ నా చేతిలో పెట్టి ముఖం తిప్పుకున్నారు. "నాకెందుకింక, నువ్వెగరెయ్."

రిమోట్ మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టాను. "ఏంది మామయ్యా ఆ మాట? కళ్ళకి నేనుండా. చెవులు మీయి గదా!"

అలా మొదలైంది. నేను "సరుగుడు తోపు మీదకి పోతా ఉండాది" అంటే వెనక్కి తిప్పేవారు. రిమోట్ కీచుమంటే విమానాన్ని అక్కడే చుట్టించేవారు. ఇంటికొచ్చాక ఆయన వేలు పట్టుకుని ఫోన్లో ఆ గీత మీద తిప్పేదాన్ని. నా ముగ్గు కూడా అంత గుండ్రంగా రాదు.

"ఒక్కసారి నువ్వు ఎగరెయ్యి అమ్మాయ్," అని ఎన్నిసార్లడిగారో! మీరుండగా నాకెందుకనేదాన్ని. నిజానికి భయం. పడేస్తే ఆయన ప్రాణమే పడేసినట్టు.

పెద్దకర్మ అయ్యాక నేనూ మా ఆయనా ఒడ్డుకి పోయాం. విమానం ఇసుక మీద పెట్టి, సున్నా చూసుకున్నాను. మా ఆయన తాడు లాగి వదిలారు. లేచింది. అంతలోనే నా కళ్ళ నిండా నీళ్ళు. ఏమీ కనబడలేదు. రిమోట్ మూలగసాగింది.

"దిగిపోతా ఉండాది! తోపు పక్కకి పోనీవాకు!" మా ఆయన అరిచారు, వాళ్ళ నాన్నకి నేను అరిచినట్టే.

కళ్ళు తుడుచుకోలేదు. చెవి పెట్టాను. మెల్లగా ఎడమకి తిప్పాను. మూలుగు ఆగింది. ఒక కీచు. ఇంకోటి. అక్కడే చుట్టించాను.

ఆ గీత ఇంకా నా ఫోన్లో ఉంది. వంకరటింకరగా, ఇసుక మీద మొదలై పైకి చుట్టుకుంటూ పోయింది. పొద్దున్నే కాఫీ తాగుతూ కళ్ళు మూసుకుని దాని మీద వేలు తిప్పుతుంటాను.