తల బొమ్మ వెనకవైపు

మా పిన్ని మూడు నెలలు మానసిక ఆసుపత్రిలో ఉండి వచ్చింది. అది జరిగి పన్నెండేళ్లు. అయినా మావాళ్ల నోళ్లకు నిన్నటి సంగతే. ఆవిడ కాస్త గట్టిగా నవ్వినా, కూరలో ఉప్పు మరచిపోయినా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్లు మరచిపోతే మాత్రం అది పని ఒత్తిడి! నాకు ఒళ్లు మండిపోతుంది.

నయమయ్యాక ఏడాదికి పిన్ని అదే ఆసుపత్రిలో, మేడమీది కుట్టుగదిలో పనికి కుదిరింది. చిరిగిన దుప్పట్లు, రోగుల చొక్కాలు, దిండు గలీబులు అన్నీ ఆవిడ చేతిమీదుగానే పోతాయి. నడుముకు నాడాతో కట్టుకున్న కత్తెర ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. నేను కింద హాల్లో, రోగులకు చీటీలు రాసే కౌంటర్లో ఉంటాను. ఏ బట్ట పట్టుకున్నా పిన్ని ముందు తిరగేస్తుంది. "పైన అందరూ బాగానే కుడతారే. ముడి వేశారో లేదో వెనక తెలుస్తుంది" అంటుంది.

ఈమధ్య కొత్త ఆఫీసరు వచ్చాడు. పాత ఫైళ్లు కెలికి పిన్ని సంగతి పట్టుకున్నాడు. "ఒకప్పటి పేషెంటు చేతికి కత్తెరా? శుక్రవారం అది అప్పజెప్పి పని మానెయ్యమనండి" అన్నాడు. పదకొండేళ్లలో ఆ కత్తెర గుడ్డనూ దారాన్నీ తప్ప ఇంకేమీ కత్తిరించలేదు. ఆ ముక్క ఏ ఫైల్లోనూ లేదు మరి.

శుక్రవారం పొద్దున్నే ఇంకో గొడవ. హాల్లో గోడకు పెద్ద తల బొమ్మ ఉంది. చెక్క చట్రానికి బిగించిన గుడ్డ మీద దారాలు, గుండీలు, గడియారం ముళ్లు, అద్దం ముక్కలు పెట్టి చేశారు. ఎడమ సగంలో అన్నీ వరసగా ఉంటాయి, కింద 'ఆరోగ్యం' అని గుడ్డ చీటీ. కుడి సగం అంతా చిక్కు, కింద 'రోగం'. పదకొండింటికి ఆసుపత్రి చూడ్డానికి అతిథులు వస్తున్నారు, చూస్తే బొమ్మలోంచి గుండీలు రాలుతున్నాయి. ఇంకెవరు దిక్కు? పని మానమన్న నోటితోనే పిన్నికి కబురు పెట్టాడు!

పిన్ని బొమ్మ దింపించి, బల్లమీద బోర్లించి, గంటసేపు తల ఎత్తకుండా కుట్టింది. ఆఫీసరు వచ్చేసరికి బొమ్మ మళ్లీ గోడెక్కింది. చీటీలు మాత్రం లేవు.

"చీటీలేవమ్మా?"

"నా దగ్గరున్నాయండీ. ఏది ఎటు కుట్టాలో తేల్చుకోలేక ఆగాను."

"అందులో తేల్చుకోడానికేముంది? వరసగా ఉన్నది ఆరోగ్యం, చిక్కుపడింది రోగం. చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది."

"వెనక చూశారా సార్?"

ఆయన చూడలేదు. మేమెవరమూ చూడలేదు. పిన్ని చట్రాన్ని గోడకు ఎడంగా లాగి పట్టుకుంది.

"ఈ చక్కటి సగానికి పొద్దున ఒక్క ముడి లేదండీ, అంతా జిగురే. రాలినవన్నీ ఇక్కడివే. ఈ ఎర్రదారం ముడులు ఇప్పుడు నేను వేసినవి. ఇక చిక్కు సగం చూడండి. పోగుకు రెండేసి ముడులు. గట్టిగా లాగినా రాదు. ఆ మూడు నెలలూ నా బుర్ర కూడా ఇలాగే ఉండేది. చిక్కుపడింది, నిజమే. తెగిపోలేదు."

నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

"సరే సరే, వాళ్లొచ్చే వేళయింది. ఆ కత్తెర ఇలా ఇచ్చి వెళ్లండి" అని చెయ్యి చాపాడు.

"ఇవ్వనండీ."

"ఏంటీ?"

"ఇవ్వను అన్నాను. ఇన్నేళ్లలో నేను చేసిన తప్పు ఒక్కటి, ఒకే ఒక్కటి, కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి. అప్పుడిస్తాను."

చాపిన ఆ చేతిలో రెండు చీటీలూ పెట్టింది. "వీటిని ఎటు అతికిస్తారో మీ ఇష్టం. మీకు జిగురుందిగా!"

వెనక్కి చూడకుండా మెట్లెక్కి పోయింది. అతిథులు వచ్చి "ఈ బొమ్మకు అర్థమేమిటండీ?" అని అడిగితే, ఆయన చీటీలున్న గుప్పిట జేబులో దోపుకున్నాడు. పైన కుట్టుమిషను చప్పుడు హాలంతా వినబడుతోంది.

నెల దాటింది. బొమ్మ కింద చీటీలు లేవు. పిన్ని అడిగిన కాగితమూ రాలేదు. కత్తెర ఆవిడ నడుముకే ఉంది.