మహమూదమ్మ బస్సుకు పళ్ళచక్రం

జమ్మలమడుగులో మహమూదమ్మకు ఒక బస్సు ఉండేది. భర్త అలీ అహ్మద్ పోయాక పర్మిట్ ఆమె పేరు మీదికి మారింది. బస్సు ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా రోజూ తిరిగేది. శ్రావణ శనివారాల్లో ఇంకా ముందుకు, గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయేది. ఏ టైరు ఎన్నాళ్ళు ఆగుతుందో, ఏ కండక్టరు ఎంత మింగుతున్నాడో ఆమె ఇంట్లో కూర్చునే చెప్పేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు, ఆషాఢంలో, ముద్దనూరు దాటాక కొండ ఎక్కుడులో గేరుబాక్సు లోపలి పళ్ళచక్రానికి రెండు పళ్ళు విరిగాయి. డ్రైవరు హుమాయున్ ఎద్దులు కట్టించి బస్సును ఇంటికి చేర్చాడు. పులివెందుల లక్ష్మీనరసయ్యకు అప్పటికే రెండు బస్సులున్నాయి. మూడోదానికి అర్జీ పెట్టుకుని కాచుకుని ఉన్నాడు. శ్రావణం తొలి శనివారానికి మహమూదమ్మ బస్సు రోడ్డెక్కకపోతే పర్మిట్ ఆయనకు ఇచ్చేస్తామని కడప రవాణా ఆఫీసులో చెప్పేశారు.

మద్రాసు కంపెనీకి ఇంగ్లీషులో ఆర్డరు రాసింది నేనే. అనంతపురంలో చదువు మధ్యలో వదిలేసి వచ్చిన నన్ను ఊళ్ళో ఇలాంటి పనులకే పిలిచేవారు. బస్సు ఏ కంపెనీది, ఏ మోడలు, ఎన్నో గేరు, అన్నీ రాశాను. వి.పి.పి.లో పార్సిల్ వచ్చింది. పోస్టాఫీసులో డబ్బు కడితేగాని విప్పనివ్వరు. కట్టి విప్పితే హుమాయున్ మహమూదమ్మ వైపు చూసి నవ్వాడు.

"ఇది మన బండిది కాదు ఆపా. ఏదో కారుది. దీన్ని పెడితే గేరుబాక్సులో గోలీ మాదిరి దొర్లాడతాది."

ఆ చక్రాన్నీ, విరిగిన మా చక్రాన్నీ ఒకే పెట్టెలో పెట్టి, అచ్చం విరిగినదాని లాంటిదే పంపమని రాసి తిప్పి పంపాం. మా వైపు పద్ధతే అది. ప్రొద్దుటూరులో గాజులు చేయించాలన్నా పాత గాజు కంసాలి ముందు పెట్టి, ఇట్లాంటిది చెయ్యి అంటారు. కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. టెలిగ్రాం ఇచ్చాం. దానికీ జవాబు లేదు. ఆషాఢం అయిపోవస్తుండగా రెండో పార్సిల్ వచ్చింది.

మళ్ళీ డబ్బు కట్టి విప్పాం. పైన మంచి నూనె కాగితం. కాగితం లోపల గ్రీజు. గ్రీజు తుడిస్తే మా చక్రమే, రెండు పళ్ళు లేకుండా. దానికి కంపెనీ చీటీ ఒకటి తీగతో కట్టి ఉంది. కొత్త సరుకు, తనిఖీ అయింది అని అచ్చు వేసి ఉంది.

హుమాయున్ ఈసారి నవ్వలేదు. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మహమూదమ్మ చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పొయ్యేటప్పుడు మసి మసిగా ఉన్నింది. నీళ్ళు పోసి పంపించినారు పాపం," అంది. "ఆ చీటీ పీకొద్దబ్బీ. ఎర్రగుంట్లలో మద్రాసు రైలు ఎప్పుడుందో కనుక్కో. పోదాం."

"నువ్వా అత్తా?"

"బస్సు నాది గదా. ఇంగిలీసు నువ్వు మాట్లాడు. మిగిలింది నేను మాట్లాడతా."

మౌంటు రోడ్డులో అద్దాల షాపు ఆ కంపెనీది. కౌంటరు దగ్గర గుమాస్తా పెన్సిలు చెక్కుకుంటున్నాడు. తెలుగు వచ్చినవాడే. బురఖాలో ఉన్న ఆమె వైపు చూడకుండా నన్నే అడిగాడు.

"పార్టు నంబరు?"

"నంబరు తెలీదు. పార్టే తెచ్చినాం, చూడు."

"నంబరు లేకపోతే కుదరదు. ఉత్తరం రాయండి."

"రాసినవాటికి జవాబు యాడ?"

"అది వేరే సెక్షను. ఇది కౌంటరు."

నాకు మండింది. కౌంటరు మీద గుద్దాను. అతను ఇంకో పెన్సిలు తీసుకున్నాడు.

మహమూదమ్మ నన్ను పక్కకు జరిపి, చీటీ వేలాడుతున్న చక్రాన్ని పట్టుకుని వాకిట్లోకి పోయి నిలబడింది. లోపలికి రాబోతున్న ఒక పెద్దమనిషిని ఆపింది. ఆయనకు నెల్లూరులో లారీలున్నాయట.

"అన్నా, ఏం కొనేకి వచ్చినావు?"

"బ్రేకు సామానమ్మా."

"ఇది చూసి పో. ఈడ కొత్తదని అమ్మినారు. ముందు చీటీ చదువు. మళ్ళ పళ్ళు చూడు."

ఆయన చీటీ చదివాడు. పళ్ళు లేని చోట వేలు పెట్టి చూశాడు. అక్కడి నుంచే గుమాస్తాను కేకేశాడు.

"ఏమయ్యా, నాకు ఇవ్వబోయేవీ బోసివేనా?"

వెనక వచ్చిన ఇద్దరు కూడా ఆగి చూశారు. గుమాస్తా పెన్సిలు వదిలేసి వచ్చాడు.

"అమ్మా, లోపలికి రండి."

"నీకు నంబరు కావాల గదప్పా. వచ్చేటోళ్ళను అడిగి కనుక్కుంటాండా."

చివరికి మేనేజరు బయటికి వచ్చి, చక్రాన్ని తానే గోడౌనులోకి తీసుకుపోయి, జోడు వెతికి తెచ్చాడు. మహమూదమ్మ కొత్తదాని మీద పాతదాన్ని పెట్టి, పన్నుకు పన్ను, రంధ్రానికి రంధ్రం ఆనించి చూసుకుంది. ముందే రెండుసార్లు కట్టిన దుడ్లకూ దీనికీ చెల్లు అంది. మేనేజరు తలూపాడు.

"ఆ చీటీ మాత్రం ఇచ్చెయ్యండమ్మా."

"బస్సు నడిచినాక పంపిస్తాలే. వి.పి.పి.లో."

శుక్రవారం ఎర్రగుంట్లలో దిగాం. ఆ సాయంత్రానికి హుమాయున్ చక్రం బిగించాడు. తెల్లారి శ్రావణం తొలి శనివారం, బస్సు నిండా గండికి పోయే జనం. మహమూదమ్మ కూడా ఎక్కింది. ముద్దనూరు దాటి ఎక్కుడు మొదలయ్యేసరికి గేరుబాక్సులో కుయ్యోమని శబ్దం. ఓబులమ్మ అనే ముసలామె బెదిరి సీటు పట్టుకుంది.

"ఏందప్పా ఆ ఏడుపు?"

"కొత్త చక్రమవ్వా. పాతవాటితో ఇంకా కలవల్యా. నాలుగు దినాలు ఏడుస్తాది," అన్నాడు హుమాయున్.

మహమూదమ్మ కిటికీ లోంచి రోడ్డు చూస్తూ ఉంది.

"ఏడవనీ," అంది. "ఎక్కుతాంది గదా."

పులివెందులలో కడప రవాణా ఆఫీసు మనిషి బస్సు నంబరు, వచ్చిన టైము రాసుకున్నాడు. మేం గండికి సాగిపోయాం.