కోర్టు లేచేదాకా

మొన్న ఎర్రగుంట్ల స్టేషన్లో టికెట్లు ఇస్తుండగా బయట మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చి ఆగింది. రాయలసీమను ప్రత్యేక రాష్ట్రం చేయాలని రికార్డు చేసిన గొంతు అరుస్తోంది. సిమెంటు దుమ్ము పట్టిన కౌంటరు అద్దం ఆ చప్పుడుకు సన్నగా అదిరింది. గొంతు ఎవరిదో వెంటనే తెలిసింది. ఒకప్పుడు నందికొట్కూరులో మా ఉద్యమ కమిటీకి అధ్యక్షుడు. ఈసారి పార్టీ టికెట్టు దక్కలేదట, మళ్లీ సీమ గుర్తుకొచ్చింది. నాకు గుర్తుకొచ్చింది మాత్రం సుగుణమ్మ టీచర్.

ఆమె మా ఊళ్లో చర్చి వెనక వీధిలో ఒక్కతే ఉండేది. హైస్కూల్లో మాకు సోషల్ చెప్పి రిటైరైంది. ఉన్న రాష్ట్రాన్ని రెండు చేసినప్పుడు, మా సీమను మాకు విడిగా ఇవ్వమని ఊళ్లో కమిటీ పెట్టారు. అధ్యక్షుడు జీపులో తిరిగితే, టీచర్ బస్సుల్లో పల్లెలకు పోయేది. డిగ్రీ చదివే నేను ఆమె వెంట ఉండేదాన్ని. ఒక ఊళ్లో ముసలి రైతు అడిగాడు:

"రాష్ట్రమొస్తే మా చేనికి నీళ్లొస్తాయా టీచరమ్మా?"

"వస్తాయని నేను చెప్పలేనప్పా. రాకపోతే యాడికి పోయి అడగల్లో తెలుస్తాది. ఇప్పుడు అది గూడా తెల్దు గదా."

అధ్యక్షుడికి ఒళ్లు మండింది. "అట్ల చెప్తే జనాలు వస్తారా టీచర్? వస్తాయని గట్టిగా చెప్పల్ల!" అన్నాడు.

"తెలియందాన్ని తెలుసని బళ్లో పిల్లోళ్లకే ఎప్పుడూ చెప్పలేదు" అని ఆమె బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.

తర్వాత రాస్తారోకో జరిగింది. అధ్యక్షుడి జీపులోంచి దిగిన ఒకడు బస్సు మీద రాయి విసిరాడు. డ్రైవరు నుదురు చిట్లింది. అందరూ పరుగెత్తారు. టీచర్ మాత్రం బస్సెక్కి తన కొంగుతో అతని గాయం అదిమిపట్టింది. పోలీసులు వచ్చేసరికి బస్సు దగ్గర దొరికింది ఆమే. కొన్ని నెలలకు అధ్యక్షుడు అధికార పార్టీలో చేరాడు. కేసులో అతని పేరు లేదు, రాయి విసిరినవాడి పేరూ లేదు. టీచర్ పేరుంది.

ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగింది. చివరికి ఒకరోజు మా ఇంటికొచ్చి, "శానూ, నువ్వు ఆడనే ఉండి చూసినావు గదమ్మా. కోర్టులో చూసింది చెప్పు" అంది. అప్పుడే నాకు రైల్వే ఉద్యోగం వచ్చింది, దానికోసం నా గురించి చేసే పోలీసు విచారణ ఇంకా పూర్తి కాలేదు. "ఆ గొడవలో నువ్వున్నావని తెలిస్తే ఉద్యోగం పోతాది" అని నాన్న భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. అయినా రానని ఆమెతో అనలేక, ఆమె తరఫు సాక్షిగా బోనెక్కి, ఆ రోజు నేను అక్కడ లేనని చెప్పాను.

టీచర్‌కు కోర్టు లేచేదాకా శిక్ష వేశారు. అంటే ఆ సాయంత్రం న్యాయమూర్తి లేచి వెళ్లేవరకు కోర్టు హాల్లోంచి కదలకూడదు. గోడవారగా నిలబడింది. నల్లకోట్లలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు ఇద్దరున్నారు. ఒక్కరూ కుర్చీ వేయలేదు. వరండాలో నేను పొద్దుగూకేదాకా ఉన్నాను. టీచర్ బయటికి వచ్చాక నా ముందు ఆగింది.

"ఉద్యోగం సంగతి నాకు తెలుసమ్మా. నేను రాలేను టీచర్ అని ఇంటికాడనే చెప్పింటే సరిపోతాండె. లేనని ఎందుకు చెప్తివి?"

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. మళ్లీ నాతో మాట్లాడలేదు. రెండేళ్లకు జబ్బుచేసి పోయింది. సమాధి దగ్గరికి కమిటీ వాళ్లు ఎవరూ రాలేదు. పోలీసు రికార్డుల్లో ఆమె ఇప్పటికీ బస్సు పగలగొట్టిన మనిషే.

ఆమె పోయాక కోర్టులో అర్జీ పెట్టి నా వాంగ్మూలం నకలు తెచ్చుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. ఉద్యోగంలో చేరినట్టు రాసిచ్చిన కాగితం, ఆ నకలూ నా దగ్గర ఒకే ఫైల్లో ఉన్నాయి. రెండింటి మీదా సంతకం నాదే.